ఎవరో కొట్టిన మేకులు

ముసురు పట్టి నాలుగు రోజులైంది. మా హాల్లో పడమటి గోడ, స్లాబు అంచు నుంచి మూరెడు కిందిదాకా చెమ్మగిల్లి, లోపలి వాసనను బయటికి వదులుతోంది. తడిసిన సున్నం, నానిన ఇటుక, పాత సిమెంటు కలిసిన వాసన అది. పైన ఎన్ని రంగులు పూయించినా, రంగు డబ్బా మీద ఎన్నేళ్ల భరోసా రాసి ఉన్నా, వాన నిలబడి కురిస్తే చాలు, చుట్టంలా వచ్చి ఇంట్లో కూర్చుంటుంది. బడిలో పంతులమ్మగా కూడబెట్టి సూర్యాపేటలో నేను కట్టుకున్న ఇల్లు ఇది. గృహప్రవేశం నాటి మామిడాకులు ఎండకముందే మొదలైన మరమ్మతులు ఇప్పటికీ సాగుతూనే ఉన్నాయి. ఒక మేస్త్రీ చేసిన పని తప్పని రెండో మేస్త్రీ అన్నాడు, ఆయన చేసింది దండగని మూడో ఆయన తేల్చాడు, నీళ్లు మాత్రం ముగ్గురినీ లెక్కచేయలేదు.

ఆ గోడకున్న నాయన ఫోటోను పొద్దున్నే తీసి కుర్చీలో పెట్టాం. మేకు తుప్పు పట్టి, చుట్టూ గార ఉబ్బి, చెయ్యి తగలగానే ఊడి వచ్చేసింది. నాయన పోయి రెండేళ్లు దాటింది. ఫోటోలో ఆయన పెదవుల మీద ఒక సగం నవ్వు ఉంటుంది, "నేను ముందే చెప్పిన్నా లేదా" అనబోతుంటే ఫోటో తీసేవాడు కదలొద్దన్నట్టు. బతికినన్నాళ్లూ సొంతిల్లు వద్దన్న మనిషి ఆయన. సొంతిల్లు కావాలని కోరుకున్న మనిషి మా అమ్మ. ఇప్పుడు ఆ ఫోటో అద్దాన్ని కొంగుతో తుడుస్తూ నా పక్కన కూర్చుంది. వాళ్లిద్దరి మధ్య, కిరాయి ఇళ్లలో, నేనూ మా తమ్ముడూ పెరిగాం. ఈ తడిగోడ వాసన తగిలితే నాకు ఆ ఇళ్లే గుర్తుకొస్తాయి.

నాయన పశువుల దవాఖానలో కాంపౌండరు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, మళ్లీ సూర్యాపేట, ఆయన బదిలీలు ఈ మూడూళ్ల మధ్యే తిరిగేవి. ఉత్తర్వు చేతికొచ్చిన వారంలోపే ట్రాక్టరు వచ్చి వాకిట్లో నిలబడేది. అడుగున మంచాలు, వాటి మీద బియ్యం డ్రమ్ము, డ్రమ్ములో పాత చీరల మడతల్లో గాజు గ్లాసులు, అన్నిటికన్నా పైన నేనూ తమ్ముడూ, మా ఒళ్లో మామిడికాయ తొక్కు జాడీ. ఊరు మారిన రోజంతా మా చేతులు ఎల్లిపాయ, నువ్వుల నూనె వాసన కొట్టేవి. పాత చీపురును మాత్రం అమ్మ వెంట తెచ్చేది కాదు. వదిలిపోయే ఇంటిని దానితో ఆఖరుసారి ఊడ్చి, కడిగి, గడపకు పసుపు రాసి, చీపురును తలుపు మూల నిలబెట్టి మరీ ట్రాక్టరెక్కేది. ఎవరో వచ్చి ఉండబోయే ఇంటికి అంత సేవ ఎందుకని నాయన నవ్వేవాడు. కొత్త ఇంట్లో మొదట పాలగిన్నె దిగేది. పాలు పొంగి, పొయ్యి మీదికి కారి, మాడిన పాల వాసన గదులన్నిటా నిండాక గానీ ట్రాక్టరులోంచి రెండో సామాను దించనిచ్చేది కాదు, అది కిరాయి ఇల్లే అయినా సరే.

ఆ తర్వాత అమ్మ గోడలు చూసేది, మేకుల కోసం. కిరాయి ఇంట్లో మేకు కొట్టకూడదు. ఏ ఓనరైనా తాళం చేతికిస్తూ చెప్పే మొదటి మాట అదే. నల్లా ఎప్పుడొస్తుంది, చెత్త ఎక్కడ పోయాలి అన్నవన్నీ ఆ తర్వాతే. "గోడలకు మొలలు గిట్ల కొట్టొద్దమ్మా, గార రాలుతది." మొల అన్నా, కోదాడ వైపు మనిషైన మా అమ్మలా మేకు అన్నా, కట్టడి ఒక్కటే. అందుకని మాకంటే ముందున్నవాళ్లు ఎవరినడిగి కొట్టారో, అడక్కుండానే కొట్టారో తెలియదు గానీ, వాళ్లు వదిలిపోయిన మేకులే మా సంసారానికి ఆధారం. అద్దం ఎక్కడుండాలో, దేవుడి క్యాలెండరు ఎక్కడుండాలో, నాయన చొక్కా ఎక్కడ వేలాడాలో మేమెన్నడూ నిర్ణయించుకోలేదు. ముక్కూ మొహం తెలియని వాళ్లు మా తరఫున ముందే నిర్ణయించి పెట్టిపోయేవాళ్లు.

సూర్యాపేటలో మేమున్న మొదటి ఇంట్లో మాకంటే ముందు ఎవరో తాటిచెట్టంత మనిషి ఉండి ఉంటాడు. అద్దానికి పనికొచ్చే మేకు ఒక్కటే ఉంది, అది అమ్మ నెత్తికి పైన ఉంది. రోజూ పొద్దున స్నానం చేసి, తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని, అన్నం తినే పీట జరుపుకుని, దాని మీద ఎక్కి అమ్మ బొట్టు పెట్టుకునేది. వెంకటేశ్వరస్వామి తలుపు వెనక ఇరుక్కున్నాడు, తలుపు తీసినప్పుడల్లా ఆయన కనబడకుండా పోయేవాడు. మా తాత ఫోటో వంటింట్లో పొయ్యి పైన పడింది, ఏడాది తిరిగేసరికి తిరగమోత పొగకు తాత రంగు మారిపోయింది. నాకూ తమ్ముడికీ అదొక ఆట. ఒక్కో మేకు కింద నిలబడి, దానికి ఏం తగిలించి ఉంటారో చెప్పాలి. బరువుకు కిందికి వంగిన మేకుకు స్కూలు సంచి, దానికింద గోడ నూనె మరకతో ఉంటే పెళ్లికాని వాడి చొక్కా, సన్నటి మేకు మీద పసుపు చుక్క ఉంటే దేవుడు. అలా చూడని మనుషులతో ఇల్లు నింపుకునేవాళ్లం.

అమ్మకు మేకు కొట్టాలన్న కోరిక మాత్రం ఉండేది. కొత్త ఇంట్లోకి వెళ్లగానే వేలి కణుపులతో గోడను టకటకా కొట్టి, చెవి పెట్టి వినేది. లోపల ఇటుకో, మట్టో, ఎక్కడ మేకు దిగుతుందో, ఎక్కడ గార రాలుతుందో ఆ చప్పుడుతో తెలుసుకునేది. తెలుసుకుని ఊరుకునేది.

నాయనకు ఇల్లంటే అంత విరక్తి ఎందుకో తెలియాలంటే ఆత్మకూర్ (ఎస్) దగ్గరి పల్లెలో మా తాత మిద్దె గురించి చెప్పాలి. గొర్రెల మంద ఉన్న కుటుంబం మాది. అన్నదమ్ములు పాలు పంచుకున్నప్పుడు మంద చిన్నతాతల వంతుకు, మిద్దె పెద్దవాడైన మా తాత వంతుకు వచ్చింది. మట్టి గోడలు, దూలాలు, దూలాల మీద వాసాలు, వాసాల మీద కంప, కంప మీద మన్ను, అన్నిటికీ పైన చౌడు. చౌడు మన్ను వాననీటిని కిందికి దిగనివ్వదు, కానీ ఏటా కొంత కొట్టుకుపోతుంది, కనుక ఏటా కొత్తది పోయాలి. రోహిణి ఎండలు మాడుస్తుండగా ఊరి బయట నేల గీకి, బండ్ల మీద తెచ్చి, గంపలకెత్తి, నిచ్చెన మీదుగా మోసి, పరిచి, నీళ్లు చిలకరించి, మడమలతో తొక్కి తొక్కి గట్టిపరచాలి. మృగశిర కార్తె వచ్చే లోపల పని ఖతం కావాలి. ఊళ్లో పిల్లలు ఈతపళ్లకనీ ముంజలకనీ బావి ఈతలకనీ వేసవి సెలవులు తిరిగి తిరిగి గడిపితే, నాయన సెలవులన్నీ చౌడు గంప కింద గడిచాయి. చిన్నప్పుడు నేనూ ఒకసారి ఆ మిద్దె ఎక్కాను. అప్పుడే తొక్కిన చౌడు మీద అరికాళ్లు చల్లగా, కొద్దిగా మంటగా ఉండటం, పెదవి నాలుకతో తడుపుకుంటే ఉప్పగా తగలడం ఇప్పటికీ గుర్తుంది.

ఇంత చేసినా మిద్దె కురిసేది. ఎలుక బొరియ చేసినా, గడ్డి మొలిచి వేరు దిగినా చాలు. వాన పడితే ఊరంతా సంబరపడేది, మా తాత మాత్రం అన్నం ముందు నుంచి లేచి, నల్ల గొంగడిని కొప్పెర చేసి నెత్తిన వేసుకుని, గంపెడు చౌడుతో నిచ్చెన ఎక్కేవాడు. కింద నాయన చుక్క పడ్డ చోటల్లా గిన్నెలు పెట్టేవాడు. తాతకు మంద మీద ప్రాణం. తమ్ముళ్లు మందను తోలుకుని మేతకు దూరపు ఊళ్లకు పోతుంటే ఊరి చివరిదాకా వెంట నడిచి, మబ్బు చూసుకుని వెనక్కి వచ్చేవాడట. చనిపోయే ముందు, మాట తడబడుతున్నప్పుడు కూడా, ఆయన అడిగింది మనవల గురించి కాదు, మబ్బు పట్టిందా అని. ఆయన తర్వాత చౌడు పోసేవాళ్లు లేక రెండు మూడు వానాకాలాల్లోనే ఆ మిద్దె మొండిగోడలైంది. అది కూలిందని తెలిసిన రోజు నాయన ఏడవలేదు, చాలా సేపు నిద్రపోయాడు.

అందుకే కిరాయి ఇంట్లో వాన వస్తే మా నాయనంత సుఖపడే మనిషి మరొకరు లేరు. కుంపటి రాజేసి, మక్క కంకులు కాల్చి, ఉప్పూ కారమూ నిమ్మచెక్కతో రుద్ది ఒక్కొక్కరికీ ఇస్తూ, గొర్రెల కథలు చెప్పేవాడు. కాలిన కంకి వాసన, బొగ్గు వాసన, బయటి తడి మన్ను వాసన కలిసి గది వెచ్చగా ఉండేది. మధ్యలో ఎక్కడైనా చుక్క పడితే తలెత్తి చూసి, గిన్నె ఒకటి కాలితో జరిపి, నవ్వేవాడు. "ఓనరుకు చెప్తం తీ. పరేషాన్ ఆయనది, నిద్ర మనది." సొంతిల్లు అని అమ్మ మాట మొదలుపెడితే ఆయన జవాబు ఎప్పుడూ ఒకటే. "మందకు ఇల్లున్నదా? యాడ ఆపితే గాడ్నే దానిల్లు. పొద్దుగాల లేచి పోతది. ఎన్క ఏం కూలినా దానికేంది?"

అమ్మ పెరిగిన తీరు వేరు. వాళ్లవాళ్లు ఎప్పుడో మంద పోగొట్టుకుని, కోదాడ దగ్గరి ఒక రైతు పొలంలో కూలికి కుదిరి, గట్టు మీద గుడిసె వేసుకుని బతికారు. పొలం చేతులు మారితే గుడిసె లేచేది. ఒకసారి పండగకని అమ్మమ్మ నేలంతా ఎర్రమట్టితో అలికి, ముగ్గు పెట్టి, అది ఆరేలోపే లేచిపొమ్మన్నారట. ఆ తడి అలుకు మీద పాదాల గుర్తులు పడుతుంటే అమ్మమ్మ నడవలేక నిలబడిపోయిందని అమ్మ చెప్పేది. మేడలు కావాలని అమ్మ ఎప్పుడూ అనలేదు. "నాదంటూ ఒక గడప ఉంటే చాలయ్యా. దానికి పసుపు రాసుకుంటంటే నన్నెవరూ లెమ్మనకుండా ఉంటే చాలు," అనేది. ఆ గడప దొరికేదాకా దొరికిన ప్రతి గడపనూ తనదే అనుకుని సాకింది.

కోదాడ ఇంట్లో అదే మా కొంప ముంచింది. మేం చేరినప్పుడు ఆ వాకిలి వానొస్తే బురద, ఎండొస్తే దుమ్ము. ఆ చుట్టుపక్కల నాపరాళ్లకు కొదవలేదు, పగిలిన ముక్కలైతే పట్టుకుపొమ్మనేవాళ్లు. నాయన సైకిలు వెనక కట్టించి అమ్మ రోజుకు కొన్ని ముక్కలు తెప్పించి, ఇసుక పరిచి, పెద్దదాని పక్కన చిన్నది, చిన్నదాని సందులో ఇంకా చిన్నది ఇరికించి, వాకిలంతా పరిచేసింది. దసరాకు ముందు సున్నం. పాత డ్రమ్ములో సున్నపురాళ్లు వేసి నీళ్లు పోస్తే అవి బుసలు కొట్టి, కుతకుత ఉడికి, ఆవిరి మొహానికి కొట్టేది. మేం దూరంగా నిలబడి, దగ్గరికి రావద్దన్న మాటకు భయపడుతూనే ఒక్కో అడుగు ముందుకు వేసేవాళ్లం. చల్లారాక నీలిమందు కలిపి, ఈత కుంచెతో అమ్మే గోడలకు కొట్టేది. చేతులు పొక్కి, వారం పాటు అన్నం కలుపుకుంటే ఆమెకు మండేది. ఆ ఏడు సద్దుల బతుకమ్మకు వీధి ఆడవాళ్లంతా మా వాకిట్లోనే ఆడారు. తంగేడు, గునుగు, బంతిపూలు ఆ నాపరాళ్ల మీద రాలి, సత్తుపిండి, పెరుగన్నం, నువ్వులపొడి చేతులు మారి, కొత్త చీరల గంజివాసనతో ఇల్లు మా ఇల్లులా కనిపించింది.

ఓనరు భార్యకూ బాగా కనిపించింది. పండగ వెళ్లగానే వచ్చి, వాకిలి మధ్య నిలబడి, "మా ఇల్లు ఇంత బాగుంటుందని మాకే తెలీదమ్మా. మా అమ్మాయి వాళ్లని తెచ్చి పెట్టుకుంటాం, మీరు వేరే చూసుకోండి," అని చాలా మర్యాదగా చెప్పి వెళ్లింది. అమ్మ ఏడుస్తూనే సామాను సర్దడం మొదలుపెట్టింది. మా వైపు ఒక పద్ధతి ఉంది. కోతలైన పొలంలో మందను రాత్రికి ఆపితే, నేలకు పడే ఎరువుకు గాను రైతే కాపరికి గింజలిస్తాడు. నాయన ఆ మాటే ఎత్తాడు. "మందను ఆపితే నేల బాగుపడ్డదని రైతు మనకిస్తడు. నువ్వు బాగుజేసిన ఇండ్లకు మనమే కిరాయి కడుతున్నం. ఇదేం కాపరితనమే?" అమ్మకు ఏడుపులోనే నవ్వొచ్చింది. ట్రాక్టరు వచ్చిన రోజు ఆ నాపరాళ్లను కడిగి, గడపకు పసుపు రాసే బయటికి వచ్చింది.

మిర్యాలగూడలో మాకు దొరికింది సాయమ్మవ్వ ఇల్లు. ఊరంతా ఉడికిన వడ్ల వాసన, మిల్లు సైరన్లు, వరసగా ఆగిన లారీలు, ఆరేసిన తెల్లబట్టల మీద ఊక బూడిద. ఆ బూడిద అన్నంలో కూడా పడుతుందని మొదట్లో మేం తిననన్నాం, నెల తిరిగేసరికి చూడటం మానేశాం. సాయమ్మవ్వ భర్త మిల్లులో బస్తాలు మోసి మోసి ఆ ఇల్లు కట్టాడు. పెద్ద గూనపెంకుల ఇల్లు, మధ్య హాలు, చుట్టూ వసారా. ఆయన పోయాక అవ్వ వసారాలో ఒక మూల గదిలో ఉంటూ మిగతా ఇల్లంతా కిరాయికిచ్చేది. వచ్చే కిరాయి పెంకులకు, చెదలకు, కూలే ప్రహరీకి సరిపోయేది. "ఇల్లు నాదని పేరే గని బిడ్డా, నేనే దీనికి జీతం జేస్తున్న," అని నవ్వేది. నోట్లో పళ్లు లేని నవ్వు, చూస్తే మనకూ వచ్చేది.

అమ్మ ఇంటిని సాకుతున్న తీరు అవ్వ ఒక ఏడాది పొడుగునా చూసింది. ఆ మరుసటి ఎండాకాలం, ఇద్దరూ వసారాలో కూర్చుని తొక్కుకు మామిడికాయలు కొడుతుండగా, వేములపల్లిలో ఉన్న చెల్లెలి దగ్గరికి పోతానని, ఇల్లు అమ్మేస్తానని చెప్పింది. "పైవాళ్లకెందుకు, నువ్వే తీసుకో. నీకైతే ఇయ్యబుద్ధయితున్నది. పైసలు మెల్లగియ్యి." అమ్మ చేతిలో కత్తి అలాగే ఆగింది. నాయన అడ్డు చెప్పలేదు. ఇన్నేళ్లూ అమ్మ కోరిక ఆయనకు తెలియనిదా? "సరే, నీ ఇష్టం," అన్నాడు, అంతే. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టినట్టు లేదు.

"ఇగ ఓనరువు నువ్వే, ఇంటినిండ మొలలు కొట్టుకో," అని అవ్వ ఆటపట్టించింది. అమ్మ నిజంగానే బజారుకు పోయి గుప్పెడు కొత్త మేకులు తెచ్చింది. కానీ కొట్టింది ఒక్కటే. రెండు రోజులు గోడలన్నీ తట్టి చూసి, హాల్లో కిటికీ వెలుతురు పడే చోట, సరిగ్గా తన మొహమంత ఎత్తున, అద్దానికి మేకు కొట్టింది. మరునాడు పొద్దున పీట ఎక్కకుండా, నేల మీద నిలబడి అమ్మ బొట్టు పెట్టుకుంటుంటే నేనూ తమ్ముడూ గుమ్మంలో నిలబడి చూశాం. అమ్మ మమ్మల్ని అద్దంలో చూసి సిగ్గుపడింది.

తొలకరికి ముందు కోతులొచ్చాయి. మిల్లుల దగ్గర గింజలకు మరిగిన గుంపు అది. మా కప్పు మీద ఒక పూటంతా దూకి, పెంకులు తిరగేసి, విరిచి, పోయింది. ఏటా పెంకులు సర్దే మనిషి దొరకలేదు. మబ్బు కమ్ముకొస్తోంది. ఇల్లు తనదనుకున్నాక ఆగుతుందా, అమ్మే చీర బిగించి నిచ్చెన వేసింది. నాలుగు మెట్లు ఎక్కిందో లేదో నాయన దవాఖాన నుంచి వచ్చాడు. "నువ్వు దిగు. పడ్తవ్," అన్నాడు, సైకిలు గోడకు కూడా ఆనించకుండా వదిలేసి తానెక్కాడు. మట్టిమిద్దె మీద పెరిగిన మనిషికి పెంకుల పని ఏం తెలుసనుకున్నాం. ఆయన మాత్రం నీళ్లు ఎటు నుంచి ఎటు పోతాయో వేలితో గీసి చూసినట్టు, కింద కదలకుండా నిలబడిన మాకు భయం వేసేంత వేగంగా, ఒక్కో వరస సర్దుకుంటూ పోయాడు. ఆ వానకు ఒక్క చుక్క కూడా లోపల పడలేదు. అమ్మ పొంగిపోయింది.

ఆ రోజు నుంచి నాయన మారిపోయాడు. మబ్బు కనబడితే దవాఖానలో కాలు నిలవక ఇంటికి వచ్చేసేవాడు. అన్నం తింటూ కప్పు వైపు చూసేవాడు, ముద్ద చేతిలోనే ఆరిపోయేది. కోతి అరుపు వినబడితే ఉలిక్కిపడేవాడు. గొర్రెల కథలు ఆగిపోయాయి. తమ్ముడు వసారా గుంజ ఎక్కి ఆడుతుంటే, ఎన్నడూ లేనిది, కసిరాడు. ఎవరి మీదా కోపం లేదు, ఫిర్యాదూ లేదు. మాతో ఉన్నట్టే ఉండి, ఎక్కడో ఉండేవాడు.

ఒక సాయంత్రం పెద్ద వాన. మేం అలవాటుగా కుంపటి రాజేసి, కంకులు ఒలిచి పెట్టుకుని ఆయన కోసం చూస్తున్నాం. బొగ్గులు ఎర్రబడి, మళ్లీ బూడిద పట్టాయి. నాయన రాలేదు. అమ్మ వసారాలోకి వెళ్లి అక్కడే నిలబడిపోయింది. నేనూ వెనకాలే వెళ్లాను. నాయన తాత గొంగడిని కొప్పెర చేసి నెత్తిన వేసుకుని, నిచ్చెన మీద, వానలో, కప్పు అంచు పట్టుకుని ఉన్నాడు. ఏమీ కురవడం లేదు. కురుస్తుందేమోనని చూస్తున్నాడు. తడిసిన గొంగడి బొచ్చు వాసన మా దాకా వస్తోంది. అమ్మ, నాతోనో తనతోనో, "మావయ్య లాగే ఉన్నాడు," అంది. మావయ్య అంటే మా తాత. ఆ మాట అంటున్నప్పుడు అమ్మ మొహం నేను చూశాను. ఆ తర్వాత ఆమె కిందికి దిగమని కేకేయలేదు, లోపలికి వచ్చి కంకులు తనే కాల్చి మాకిచ్చింది.

మరునాడు శుక్రవారం. అమ్మ తలస్నానం చేసి, గడపకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, లేచి నేరుగా సాయమ్మవ్వ దగ్గరికి వెళ్లింది. "ఇంత ఇల్లు ఊడ్చటం నావల్ల కాదు పెద్దమ్మా. మేం తీసుకోలేం, ఏమనుకోకు," అంది. అవ్వ ఆమె మొహం చూసింది, అద్దంలా మెరుస్తున్న వసారా చూసింది, నిచ్చెన దిక్కు చూసింది. "మంచిది బిడ్డా," అని మాత్రం అంది. నాయనకూ అమ్మ అదే మాట చెప్పింది, ఊడవలేనని. నాయన ఏమీ అడగలేదు. అడిగితే అబద్ధం బయటపడి, మళ్లీ సరేననాల్సి వస్తుందని ఆయనకూ భయమేమో. ఆ సాయంత్రం చాలా రోజుల తర్వాత ఆయన కుంపటి దగ్గర కూర్చున్నాడు. ఎప్పుడూ మొదటి కంకి పిల్లలకే ఇచ్చేవాడు. ఆ రోజు అమ్మకిచ్చాడు. అమ్మ తీసుకుని, చల్లారేదాకా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ వయసులో నాకు అమ్మ మీద కోపం వచ్చింది, చేతికందిన ఇల్లు వదిలేసిందని. దాని విలువ ఎంతో, అది ఎవరి కోసమో అర్థం కావడానికి నేను ఇల్లు కట్టుకోవాల్సి వచ్చింది.

ఇల్లు వేరేవాళ్లు కొన్నారు, మేం ఖాళీ చేశాం. అద్దం తీసి చీరలో చుట్టాక, గోడకు అమ్మ కొట్టిన మేకు ఒక్కటే మిగిలింది. తమ్ముడు సుత్తి తెచ్చి పీకనా అన్నాడు. "వద్దు, గార రాలుద్ది. ఉండనీ, వచ్చేవాళ్లకు పనికొస్తది," అంది అమ్మ. వచ్చినవాళ్లు ఆ ఇంట్లో ఉండలేదు, పడగొట్టి షాపులు కట్టారు. ఆ మధ్య పెళ్లికి మిర్యాలగూడ వెళ్లినప్పుడు ఆ వీధిలో నడిచాను. గూనపెంకు ఒక్కటి కూడా కనబడలేదు. ఇప్పుడు సున్నం డ్రమ్ములో కుతకుత ఉడకదు, గోడలకు లప్పం పెట్టి రంగేస్తారు. మా బడిలో కొత్తగా చేరిన పంతులమ్మ కిరాయి ఇంట్లో గోడలకు అంటించే ప్లాస్టిక్ కొక్కేలు వాడుతుంది, వెళ్లేటప్పుడు ఒలిచి తీసుకుపోతుంది. తర్వాత వచ్చే పిల్లలకు ఊహించుకోవడానికి ఆ గోడల మీద ఏమీ ఉండదు.

నాయన ఆఖరి ఏళ్లు ఈ ఇంట్లోనే గడిపాడు. మొదటిసారి ఈ గోడ చెమ్మగిల్లినప్పుడు నన్ను పిలిచి, "ఓనరమ్మా, ఇల్లు కురుస్తున్నది, జర సూసుకో," అని నవ్వాడు. ఇంటిల్లిపాదీ నవ్వాం. మనసు తేలికపడింది నాకు, ఈ ఇంట్లో ఆయన కిరాయిదారులా హాయిగా ఉన్నాడని.

మధ్యాహ్నానికి వాన తెరిపిచ్చింది. మేస్త్రీ, అంటే నాలుగో ఆయన, రేపొస్తానన్నాడు. ఫోటో కుర్చీలోనే ఉంది. ఎదురు గోడకు పాత గడియారం మేకు ఖాళీగా ఉంది కదా, అక్కడ తగిలిద్దామన్నాను. కొట్టి ఉన్న మేకును అమ్మ ఎన్నడూ కాదన్నది లేదు. ఇవాళ తల అడ్డంగా ఊపింది.

"అక్కడొద్దే. అక్కడైతే ఆ మరక ఎదురుగా కనపడుద్ది ఆయనకి. నీ ముందర నవ్వేవాడు గానీ, నువ్వు బడికి పోయాక రోజంతా దాన్నే చూస్తా కూర్చునేవాడు."

అమ్మ లేచి, వంటింటి పక్క గోడ దగ్గరికి వెళ్లి, వేలి కణుపులతో మెల్లగా తట్టి, చెవి పెట్టి విన్నది. అక్కడి నుంచి చూస్తే చెమ్మ లేదు, స్లాబు అంచు లేదు, కిటికీలోంచి వీధి మాత్రమే కనబడుతుంది. ఒక చేత్తో ఫోటో పట్టుకుని, నా వైపు తిరిగి అడిగింది.

"ఈ గోడకొక మేకు కొట్టుకోవచ్చా?"